ఇందులో ఏది నిజం అని అడిగినవాళ్లకు

రాత్రి తొమ్మిది దాటింది. గిన్నెలు కడుగుతుంటే ఫోన్ మోగింది. కొత్త నంబరు. తెలుగులో సొంత డబ్బుతో పుస్తకం వేసుకునేవాళ్లం రెండో పేజీలో మా సెల్ నంబరు కూడా అచ్చేస్తాం, కాపీలు కావాల్సినవాళ్లు అడుగుతారని. కాపీల కోసం చేసేవాళ్లు తక్కువ, చదివాక ప్రశ్నలు అడగడానికి చేసేవాళ్లే ఎక్కువ అని నాకు మొదటి నెలలోనే తెలిసింది.

"మేడమ్, మీ బుక్కు చదివిన. మా మనవరాలు తెచ్చింది. మంచిగుంది. కానీ వాల్వు గట్ల తిప్పరు."

ఆయన వాటర్ బోర్డులో లైన్‌మన్‌గా ముప్పై ఏళ్లు చేసి రిటైరైన పెద్దాయన. నా నవలలో హీరో కూడా సికింద్రాబాద్ వీధుల్లో నీళ్లు వదిలే కుర్రాడు. మొదటి అధ్యాయంలో తెల్లవారుజామున వాల్వు గుంత మూత తీసి, పొడవాటి ఇనప రాడ్డు దింపి, ఎడమకు మూడు చుట్లు తిప్పుతాడు. నీళ్లు ఆగిపోతాయి. పైపులో చప్పుడు ఆగిన ఆ నిశ్శబ్దంలో, కింద పూడిపోయిన పాత బావి అతనితో మొదటిసారి మాట్లాడుతుంది.

"కుడికి తిప్పితే బంద్ అయితది. ఎడమకు తిప్పితే ఇడుస్తం. మూడు చుట్లకు ఏం బంద్ గాదు. పెద్ద లైన్ వాల్వు అయితే ముప్పై, నలభై తిప్పాలె. అది గూడ మెల్లగ. జల్దిగ తిప్పితే నీళ్లు ఎదురుతన్ని పైపు పగులుతది."

బావి మాట్లాడటం గురించి ఆయన ఒక్క మాట అనలేదు. ఉండబట్టలేక నేనే అడిగాను. "మరి బావి మాట్లాడటం మీకు తప్పనిపించలేదా అంకుల్?"

"అది మీ కథ బిడ్డా, మీ ఇష్టం. వాల్వు మాత్రం మాది."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ నవల రాయడానికి నాలుగేళ్లు పట్టింది. పగలంతా ఆఫీసులో లెక్కలు చూసుకుని, రాత్రిళ్లు రాసుకున్నాను. బావి ఎవరితో మాట్లాడాలి, ఎప్పుడు మాట్లాడకూడదు, మాట్లాడితే ఆ మనిషి నుంచి ఏం తీసుకోవాలి అని నోటుపుస్తకాలు నింపాను. వాల్వు ఎటు తిప్పితే మూసుకుంటుందో తెలుసుకోవాలంటే మా వీధి చివరికి నడిచి వెళ్లి, నీళ్లు వదిలే మనిషిని అడిగితే రెండు నిమిషాల పని. అడగలేదు. కల్పన కదా, ఎవరు పట్టించుకుంటారులే అనుకున్నాను.

ఆ "కల్పన కదా" అన్న మాట గురించే ఇప్పుడు రాస్తున్నాను. పుస్తకం వచ్చి తొమ్మిది నెలలైంది. ఫోన్లలో, వాట్సాప్‌లో, బుక్ ఫెయిర్ స్టాల్ దగ్గర నిలబడి అడిగినవాళ్ల ప్రశ్నలన్నీ తిరగేసి చూసుకుంటే, మాటలు వేరైనా చాలావరకు ఒకటే ప్రశ్న. "ఇందులో ఏది నిజం?"

ఈ ప్రశ్నకు నవ్వి ఊరుకోవడం రచయితల్లో ఒక మర్యాదగా చలామణి అవుతోంది. గుట్టు విప్పితే కథ చచ్చిపోతుందంటారు. నేనూ మొదట్లో అదే నేర్చుకున్నాను. "ఇందులోని పాత్రలు, సంఘటనలు కేవలం కల్పితం" అని ముందు పేజీలో ఒక వాక్యం అచ్చేసి చేతులు దులుపుకున్నాను. అది తప్పని ఇప్పుడు గట్టిగా అనుకుంటున్నాను. లేని రాజ్యం, లేని రాజకుమారి కథ అయితే ఎవరికీ బాకీ లేదు. నగరం పేరు పెట్టి, బస్తీ పేరు పెట్టి, ఫలానా చెట్టు, ఫలానా వరద అని చెప్పి, వాటి మధ్యలోకి మాయను తెచ్చినప్పుడు ఊరిదేదో నాదేదో అడిగినవాళ్లకు చెప్పి తీరాలి.

ముందు "ఈ ఐడియా మీకెక్కడ వచ్చింది" అనేదానికి జవాబు చెప్తాను. అందులో పెద్ద మాయ ఏమీ లేదు. నేను పుట్టి పెరిగింది బన్సీలాల్‌పేట దగ్గర. మా చిన్నప్పుడు అక్కడొక చెత్తదిబ్బ ఉండేది. అటు వెళ్లొద్దని అమ్మ కేకలేసేది, అక్కడ బావి ఉంది, కాలు జారితే అంతే అని. నాకు మాత్రం ఎంత చూసినా చెత్తే కనిపించేది. బావి ఉందన్న సంగతి అమ్మ భయంలో తప్ప ఎక్కడా లేదు. తర్వాత 2021లో ఆ చెత్త తీయడం మొదలుపెట్టారు. ఆఫీసుకు వెళ్తూ వస్తూ రోజూ ఆగి చూసేదాన్ని. లారీలకు లారీలు చెత్త, మట్టి, బురద పోతూనే ఉన్నాయి. ఒకరోజు ఒక రాతి మెట్టు బయటపడింది. మర్నాటికి రెండు. ఆ తర్వాత స్తంభాలు. పదిహేడో శతాబ్దపు మెట్ల బావి, యాభై అడుగులకు పైగా లోతు. 2022 డిసెంబరులో బాగుచేసిన బావిని జనానికి తెరిచారు. అమ్మను తీసుకెళ్తే పై మెట్టు మీదే నిలబడిపోయింది, కిందికి దిగనంది. "ఇంత ఉందా" అని మాత్రం అంది. నలభై ఏళ్లు దాని పక్క నుంచే కూరగాయలకు వెళ్లొచ్చిన మనిషి.

"ఇంత ఉందా" అన్న అమ్మ మాటే నవల. మిగతా మూడొందల పేజీలూ దాని చుట్టూ కట్టుకున్నవే.

బావి నిజం, చెత్త నిజం, అమ్మ భయం నిజం. బావి మాట్లాడటం నాది. ఇది చెప్పడం తేలిక. అసలు కష్టమైన ఫోన్ ఇంకొకటి వచ్చింది.

నవల మధ్యలో చింతచెట్టు అధ్యాయం ఒకటి ఉంది. అఫ్జల్‌గంజ్‌లో, ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉన్న చెట్టు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు ఆ చెట్టెక్కి నూట యాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ వరదలో పోయినవాళ్లు పదిహేను వేల దాకా ఉంటారని అంచనా. కవి అమ్జద్ హైదరాబాదీ తల్లినీ, భార్యనూ, కూతురినీ ఆ ఒక్క వరదలోనే పోగొట్టుకుని తానొక్కడే మిగిలాడు. ఆ తర్వాతే ఇంజనీరు విశ్వేశ్వరయ్యను పిలిపించారు, 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ జలాశయాలు కట్టారు. నగరం తాగే నీళ్ల చరిత్ర మలుపు తిరిగింది ఆ చావుల దగ్గరే. నీళ్ల కథ రాస్తూ ఆ చెట్టు దగ్గర ఆగకుండా వెళ్లడం నావల్ల కాలేదు.

నా నవలలో ఆ చెట్టు ప్రతి రాత్రీ తన కొమ్మల మీది మనుషుల్ని లెక్కపెట్టుకుంటుంది. ప్రతిసారీ ఒకరు ఎక్కువ తేలుతారు. లెక్క ఎందుకు తప్పుతోందో హీరో కనుక్కోవాలి. ఆ రాత్రి చెట్టు వరసగా పేర్లు చదువుతుంది. పన్నెండు పేర్లు రాశాను. హిందువుల పేర్లు, ముస్లింల పేర్లు, ఒక పసిపాప, పేరు చెప్పని ఒక ముసలామె. ఆ పేజీ బాగా వచ్చిందని రాసిన రోజే అనుకున్నాను. రాయడం అయ్యాక కళ్లు తుడుచుకున్నాను కూడా.

పాతబస్తీ నుంచి ఒకాయన ఫోన్ చేశారు. వయసు డెబ్భై పైనే ఉంటుందనిపించింది. తెలుగు కొంచెం, ఉర్దూ కొంచెం కలిపి మాట్లాడారు. కొడుకు చదివి వినిపించాడట. "ఆ పన్నెండు పేర్లు మీకు ఎక్కడ దొరికినయి బేటీ? మిగతా పేర్లు గూడ ఉంటయా ఆ లిస్టుల?" అని అడిగారు. వాళ్ల ముత్తాత ఆ వరదలో బతికి బయటపడ్డాడని, ఏదో చెట్టు పట్టుకున్నాడని ఇంట్లో చెప్పుకుంటారట. ఆ చెట్టు అదేనేమో, లిస్టులో ఆయన పేరు ఉందేమో చూసి చెప్పమన్నారు.

లిస్టు లేదు. పేర్లు నేను పెట్టుకున్నవే. ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు, అయినా చెప్పాను. ఆయన కోప్పడలేదు. "అచ్ఛా, కహానీ కోసం" అన్నారు. కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. ఆ తర్వాత ఆయనే వాళ్ల ముత్తాత గురించి చెప్పారు, ఏం పని చేసేవాడో, వరద తర్వాత మళ్లీ ఏనాడూ మూసీ దాటలేదని. నేను వింటూ కూర్చున్నాను.

చెట్టు లెక్కపెట్టడం చదివి ఎవరూ మోసపోరు. చెట్టు లెక్కపెట్టదని అందరికీ తెలుసు. పేర్ల దగ్గర మాత్రం చదివేవాళ్లకు ఆధారం ఏదీ లేదు. నూట యాభై మంది అన్నది నిజం, చెట్టు నిజం, తేదీ నిజం. వాటి పక్కనే, అదే గొంతుతో, అదే పేజీలో అబద్ధపు పేర్లు పెట్టాను. "కేవలం కల్పితం" అన్న ముందుపేజీ వాక్యం ఆ పెద్దాయనకు ఏ విధంగానూ అక్కరకు రాలేదు, ఎందుకంటే అది మొత్తం కల్పితమంటోంది. వరద కల్పితమా? ఆ వాక్యం నన్ను కాపాడటానికి పెట్టుకున్నది. ఆయనకు కావాల్సింది, ఎక్కడి వరకు నిజమో చెప్పే ఇంకొక వాక్యం.

రెండో ముద్రణలో చివర రెండు పేజీలు చేరుస్తున్నాను. ఏది జరిగిందో, ఏది నేను కల్పించానో అధ్యాయాల వారీగా మామూలు మాటల్లో రాస్తున్నాను. ఒక స్నేహితురాలు వద్దంది. మాయ చేసినవాడు చివర్లో చేతులు చూపించకూడదంది. తను మంచి పాఠకురాలు, తన మాట నేను చాలాసార్లు విన్నాను. ఇక్కడ మాత్రం ఒప్పుకోను. ఈ పేజీలు చదివాక చెట్టు అధ్యాయం చప్పబడిపోతే అధ్యాయం బలహీనంగా ఉందని అర్థం, దాన్ని మళ్లీ రాయాలి. ఆ పెద్దాయన మళ్లీ అలా అడగాల్సిన అవసరం మాత్రం రాకూడదు.

"మీరు ఇవన్నీ నమ్ముతారా?" అని కూడా చాలామంది అడుగుతారు. సగం మంది నమ్ముతానంటే సంతోషిస్తారు, మిగతా సగం నమ్మనంటే. ఈ ప్రశ్న నాకు అంత ముఖ్యంగా కనిపించదు. బావిలో నిజంగా ఎవరో ఉన్నారని నేను నమ్మను. ఆ బావి పక్క నుంచి చీకటి పడ్డాక నడిచేటప్పుడు గొంతు తగ్గించి మాట్లాడతాను. రెండూ నాలో ఉన్నాయి, పేచీ లేకుండా ఉన్నాయి. మా ఇంట్లో ఎవరిని అడిగినా ఇంతే. రాయడానికి నాకు కావాల్సింది గొంతు తగ్గించే ఆ అలవాటు.

"ఇవన్నీ ఇంగ్లీషు నవలల్లోవి కదా, మనకెందుకు" అన్నవాళ్లతో మాత్రం వాదించాల్సిందే. ఒక సాహిత్య సభలో ఒకాయన లేచి, దిగుమతి సరుకు అన్నారు. అర్బన్ ఫాంటసీ అన్న పేరు దిగుమతే, ఒప్పుకుంటాను. ఇప్పటి నగరం, ఇప్పటి బస్సులు, ఇప్పటి ఉద్యోగాల మధ్య మాయ తిరుగుతూ ఉండే కథలకు బయటివాళ్లు పెట్టిన పేరది. సరుకు మనదగ్గర ఎప్పుడు లేదు?

బృహత్కథ రాసిన గుణాఢ్యుడి కథ తీసుకోండి. సాతవాహనుడి కొలువులో ఉన్నవాడు, పందెంలో ఓడి సంస్కృతం, ప్రాకృతం, దేశభాష మూడూ వదిలేసుకున్నాడు. అడవిలో కాణభూతి అనే పిశాచం చెప్పిన కథల్ని పైశాచీ భాషలో, సిరా లేక తన నెత్తురుతో, ఏడు లక్షల శ్లోకాలుగా రాశాడు. పిశాచ భాష, నెత్తుటి రాత అని రాజు తిప్పికొట్టాడు. గుణాఢ్యుడు కొండ మీద మంట వేసుకుని ఒక్కొక్క ఆకూ చదివి మంటలో వేస్తుంటే, జింకలు, పందులు, దున్నలు మేత మానేసి కన్నీళ్లు కారుస్తూ చుట్టూ చేరి విన్నాయి. ఇక్కడిదాకా అందరూ చెప్తారు. నాకు ఇష్టమైనది ఆ తర్వాతిది. రాజుకు జబ్బు చేసింది. ఎండిపోయిన మాంసం తినడం వల్ల అన్నారు వైద్యులు. వంటవాళ్లు వేటగాళ్ల మీద చెప్పారు. జంతువులు మేయడం లేదు, కొండ మీద ఎవరో కథ చదువుతున్నారు అన్నారు వేటగాళ్లు. అలా తెలిసి పరిగెత్తుకెళ్లేసరికి లక్ష శ్లోకాలే మిగిలాయి.

కథ జంతువుల మేతలోకి వెళ్లింది, అక్కడి నుంచి వంటింట్లోకి వచ్చింది, అక్కడి నుంచి రాజు ఒంట్లోకి. మాయ ఎక్కడ మొదలైందో, ఇంటిపని ఎక్కడ మొదలైందో విడదీయలేని కథనం అది. ఇది మన పక్కనే ఉండగా నేను ఎక్కడి నుంచి ఏం దిగుమతి చేసుకోవాలి?

అంత వెనక్కి పోనక్కర్లేదు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పేరు చెప్పుకుంటే పాము విషం దిగిపోతుందని ఈ ఊళ్లో జనం నమ్మారు. వరద వచ్చినప్పుడు ఆయనే మూసీ ఒడ్డుకు వెళ్లి చీర, పసుపుకుంకాలు సమర్పించి శాంతించమని వేడుకున్నాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. లష్కర్ బోనాల, అంటే సికింద్రాబాద్ బోనాల మర్నాడు, రంగం అనే భవిష్యవాణిలో, పచ్చికుండ మీద నిలబడిన ఆడమనిషి నోట అమ్మవారు పలుకుతుంది. ఆ మాట వినడానికి మంత్రులు వస్తారు, టీవీల్లో లైవ్ వస్తుంది, ఈ ఏడు వానలెలా ఉంటాయో స్క్రోలింగ్‌లో వేస్తారు. సికింద్రాబాద్‌లో పెరిగినవాళ్లకు మెట్రో స్టేషనూ అమ్మవారి పలుకూ ఒకే సోమవారం ఉదయపు సంగతులు. అది ఫాంటసీ అని పేరు పెట్టుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

పేరంటే గుర్తొచ్చింది. తెలుగులో దీన్ని ఏమనాలి అని ఒక లెక్చరర్ అడిగారు. జానపద నవల అంటే కత్తులు, కోటలు గుర్తొస్తాయి. "నగర అద్భుత గాథ" అంటే నోరు తిరగదు. మా నాన్నవైపు ఊళ్లో హైదరాబాద్‌ని ఇప్పటికీ పట్నం అనే అంటారు. పట్నం మాయకథ అంటే బాగుంటుందని నాకు అనిపిస్తుంది. వాడేవాళ్లు వాడతారు.

భాష గురించి వచ్చిన ప్రశ్నల్లో కొన్ని నొప్పించాయి. గుంటూరు నుంచి ఒకావిడ, చాలా ఆప్యాయంగానే, "డైలాగులు కొంచెం మామూలు తెలుగులో పెట్టి ఉండాల్సిందమ్మా" అన్నారు. మామూలు తెలుగు అంటే ఏదండీ అని అడిగాను. ఆవిడ ఆగి, "అవునులే, మాదే మామూలు అనుకుంటాం" అన్నారు. ఆ తర్వాత అరగంట మాట్లాడుకున్నాం. బన్సీలాల్‌పేటలో వాల్వు తిప్పే కుర్రాడు "వదిలేస్తాను" అనడు, "ఇడుస్త" అంటాడు. అతని నోట్లో ఇంకో మాట పెడితే అది చింతచెట్టు పేర్లలాంటి అబద్ధమే. అచ్చులో దీనికి పడ్డ పాట్లు వేరే. టైప్ చేసింది యూనికోడ్‌లో, డీటీపీలో దాన్ని అచ్చుకు వాడే "అను" అనే ఫాంట్‌కి మార్చాక సగం ఒత్తులు చెదిరిపోయాయి. ప్రూఫులు దిద్దిన పెద్దమనిషి మంచి మనసుతో "గిట్ల"లన్నీ "ఇలా"లు చేసి పెట్టారు. మూడు రాత్రులు కూర్చుని ఒక్కొక్కటీ వెనక్కి మార్చుకున్నాను.

మరి బావి ఏ భాష మాట్లాడాలి? పదిహేడో శతాబ్దపు బావి. అప్పటి తెలుగా, దక్కనీయా? చాలా తన్నుకున్నాక ఒక నియమం పెట్టుకున్నాను. బావిలోకి ఎవరు వంగి చూస్తే వాళ్ల భాషలో మాట్లాడుతుంది. నీళ్లలో ముఖం కనిపించినట్టే గొంతూ వినిపిస్తుంది. నాలుగేళ్లలో నేను చేసిన మంచి పని ఏదైనా ఉంటే అదే.

ఇక అమ్మవారి ప్రశ్న. "దేవతల్ని కథల్లోకి లాగడం తప్పు కాదా?" కొందరు బెదిరింపుగా అడిగారు, వాళ్లకు జవాబు చెప్పను. మా పెద్దత్త బాధగా అడిగింది, ఆమెకు చెప్పాను. నా నవలలో అమ్మవారు పాత్ర కాదు. ఎవరితోనూ యుద్ధం చేయదు, ఎవరికీ శక్తులు ఇవ్వదు. ఆమె ఉన్నచోట బావి మాట్లాడటం మానేస్తుంది, అంతే. 1813లో ఊళ్లో మహమ్మారి వ్యాపించినప్పుడు ఉజ్జయినిలో ఉన్న ఇక్కడి సైనికులు మహంకాళికి మొక్కుకున్నారని, తిరిగొచ్చాక 1815లో సికింద్రాబాద్‌లో అమ్మవారిని నిలబెట్టారని చెప్తారు. రోగభయంలో పుట్టిన మొక్కును నేను యాక్షన్ సీనుగా మార్చలేను. "ఆమె గురించి నువ్వు ఏమీ రాయలేదన్నమాట" అంది అత్త. రాయకుండా ఉంచిన చోటు ఉంది అన్నాను. ఒప్పుకుందో లేదో తెలీదు, పుస్తకం మాత్రం పూజగదిలో పెట్టుకుంది.

ఇదే విషయంలో నన్ను నిజంగా నిలదీసింది ఇంకొకామె. జోగినీల మధ్య, అంటే దేవుడి పేరున విడిచిన ఆడవాళ్ల మధ్య పనిచేస్తుంది. నవలలో ఒక చిన్న బస్తీ గుడి దగ్గర ఒక జోగిని హీరోకి రెండు మాటల్లో జరగబోయేది చెప్పి వెళ్లిపోతుంది. మళ్లీ కనబడదు. "ఆమె ఎక్కడికి వెళ్లింది?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. "మీ బావికి నలభై పేజీల గతం ఉంది. ఆమెకు ఇల్లు కూడా లేదు" అంది. ఆడపిల్లల్ని దేవుడికి విడవడం 1988లోనే చట్టరీత్యా నేరమైంది. అలా విడిచిన ఆడవాళ్ల బతుకు ఎలా గడిచిందో నేను చదివి ఉన్నాను, తెలిసి కూడా ఆమెను సందేశం అందించే మనిషిగా వాడుకుని పంపించేశాను. వాల్వు తప్పు తెలియక చేసింది. ఇది తెలిసి చేసింది. రెండో ముద్రణలో ఒక వాక్యం మారిస్తే సరిపోయే తప్పు కాదిది. రెండో భాగంలో ఆమె ఇంటి నుంచే కథ మొదలుపెట్టాను. ఎలా వస్తుందో చూడాలి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. హీరోయిన్ పెళ్లెందుకు చేసుకోలేదు అంటే, కథ జరిగింది పదకొండు రోజులు, టైం లేదు. వేసింది అయిదొందల కాపీలు, పెట్టిన డబ్బు ఇంకా పూర్తిగా రాలేదు. పిల్లలు చదవొచ్చా అంటే, తొమ్మిదో తరగతి దాటితే చదవొచ్చు అనేదాన్ని. ఇప్పుడు తొమ్మిదో తరగతి వాళ్లూ చదవొచ్చు అంటున్నాను.

ఎందుకంటే మొదట చెప్పిన లైన్‌మన్ అంకుల్ వాల్వు సంగతి చెప్పడం అయ్యాక మనవరాలు ఫోన్ లాక్కుంది. తొమ్మిదో తరగతి. నమస్తే కూడా అనలేదు. "ఆంటీ, ఎవరు వంగి చూస్తే వాళ్ల భాషల మాట్లాడతది అన్నరు గదా. ఇద్దరు ఒకేసారి వంగితే?"

నోటుపుస్తకాలన్నీ వెతికాను. ఎక్కడా లేదు. నాలుగేళ్లలో ఒక్కసారి కూడా నేను బావి మీదికి ఇద్దర్ని పంపలేదు. ఒక్కడే హీరో, ఒక్కడే వింటాడు, ఒక్కడికే తెలుస్తుంది. ఆ అమ్మాయి ప్రశ్న వినేదాకా అది నా అలవాటని నాకే తెలియలేదు.

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున అయిదున్నరకు ఆ తాతా మనవరాలూ మా వీధికి వచ్చారు. ఇప్పుడు ఈ ఏరియా చూసే లైన్‌మన్ కూడా ఉన్నాడు, ఈ అంకుల్ దగ్గర పని నేర్చుకున్నవాడేనట, నన్ను చూసి "వాల్వు ఉల్టా తిప్పిన మేడమ్ మీరేనా" అన్నాడు. నీళ్లు వదిలి అప్పటికే గంటైంది. వీధిలో మోటార్లు ఆగుతున్నాయి, వాకిట్లో ఎవరో బకెట్లు నింపుకుంటున్నారు. కృష్ణ నుంచి వంద కిలోమీటర్లకు పైగా, గోదావరి నుంచి నూట ఎనభైకి పైగా దూరం నడిచొచ్చే నీళ్లు ఈ ఊరివి. మా వీధికి ఏ నది నీళ్లొస్తాయి అని అడిగితే, "ఏది ఇడిస్తే అది" అన్నాడు లైన్‌మన్.

గుంత మూత తీశాడు. బొద్దింకలు చెదిరాయి. టీ ఆకారపు ఇనప రాడ్డు దింపి, తడుముకుంటూ కింద చతురస్రంగా ఉన్న తలకు తగిలించాడు. అది తగులుకున్నప్పుడు చిన్న చప్పుడు వచ్చింది. నవలలో ఆ చప్పుడు లేదు. భుజాలతో కాకుండా నడుముతో తిప్పుతారని కూడా నాకు తెలియదు. అంకుల్ పక్కన నిలబడి "మెల్లగ, మెల్లగ" అంటూనే ఉన్నారు, అవసరం లేకపోయినా. అమ్మాయి గట్టిగా లెక్కపెడుతోంది. పది దాటాక నీళ్ల హోరు సన్నబడింది. పద్దెనిమిది దగ్గర ఈలలాంటి శబ్దం. అది కూడా నవలలో లేదు.

"ఇప్పుడు ఇనుండ్రి" అన్నారు అంకుల్.

నేనూ ఆ అమ్మాయీ గుంత మీదికి ఒకేసారి వంగాం.

రెండో ముద్రణలో పదకొండో పేజీ రెండో పేరా ఇలా ఉంటుంది: "అతను రాడ్డు దింపాడు. కింద ఇనుముకు ఇనుము తగులుకుంది. కుడికి, మెల్లగా తిప్పడం మొదలుపెట్టాడు. పద్దెనిమిదో చుట్టుకు పైపు ఈల వేసింది. ఇరవై ఒకటో చుట్టుకు నీళ్లు ఆగాయి."